వేపగింజలకు వాటా

ఆషాఢం వస్తుందనగా మా జేజి తెల్లవారకముందే లేచేది. ఒక పాత గోనెసంచి చంకన పెట్టుకుని, చెంగు నడుముకు బిగించి, బేస్తవారిపేట నుంచి కంభం వైపు పోయే రోడ్డు పక్కన ఉన్న వేపచెట్ల కిందికి నడిచేది. వెనకాల నేను. కాస్త ఆలస్యమైతే ఎద్దుబండ్లు తొక్కేస్తాయి, ఇంకెవరైనా ఏరుకుపోతారు. చెట్టు మీద చెయ్యి వేసేది కాదు. కొమ్మ పట్టుకుని దులపబోతే నా చేతి మీద ఒక్కటి వేసేది. "పండింది రాలుతాది. పండనిది దులిపితే ఉత్త పొట్టే. గువ్వలు తినేది గువ్వలకి ఇడువు" అనేది.

అన్నిటికన్నా మంచి గింజలు దొరికేది బావి గిలక దగ్గర. కాకులూ గోరింకలూ వేపపండు తిని, అక్కడికి వచ్చి వాలి, గింజను శుభ్రంగా వదిలేసేవి. గుజ్జు ఒలిచే పని లేదు. మిగతా పండ్లను జేజి నీళ్ల తొట్టిలో వేసి రెండు చేతులతో పిసికేది. జిగట నురుగు తేలేది. గింజలు తెల్లగా బయటపడేవి. వాటిని వసారాలో నీడన ఆరబెట్టేది. ఎండలో పోస్తే తొందరగా ఆరతాయి కదా అని అడిగితే, "నూనె సచ్చిపోతాది" అనేది. కొన్నేళ్ల తర్వాత బీయస్సీలో అజాడిరాక్టిన్ గురించి చదివాను. వేపగింజలో పురుగును చంపే పదార్థం అదే, ఎక్కువ ఎండకు అది పాడైపోతుంది. ఆ రోజు క్లాసులో నాకు మా వసారా కనిపించింది.

పది పదిహేను రోజుల గింజలు పోగయ్యాక వ్యాపారి దగ్గరికి తీసుకెళ్లేవాళ్లం. కాటా ఉండేది, కానీ చిన్న మొత్తాలకు మానికతోనే కొలిచేవాడు. కొనేటప్పుడు మానిక మీద గోపురం కట్టి పోసుకునేవాడు. అదే మనిషి ఉప్పో పప్పో మాకు అమ్మేటప్పుడు చేత్తో తలగొట్టి కొలిచేవాడు. ధర ఎంత అని జేజి ఎన్నడూ అడగలేదు. ఇచ్చింది చెంగున ముడి వేసుకుని వచ్చేది. ఆ గింజలు ఎక్కడికి పోతాయో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు.

ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, ఆ గింజలు ఎక్కడికి పోయాయో వెతకడం నాకు ఒక పనిగా మారింది. ఈ వ్యాసం ఆ వెతుకులాట గురించే. చెట్టుకూ డబ్బుకూ ఉన్న ఈ లెక్కను పత్రికల్లో పర్యావరణ మార్కెట్ అనీ, జీవవైవిధ్యానికి పెట్టుబడి అనీ రాస్తున్నారు. మాటలు కొత్తగా ఉన్నాయి కానీ సంగతి మాత్రం జేజి మానిక లోనిదే. అడవినీ చెట్టునూ బతికించడానికి డబ్బు కావాలి. అది ఎవరు ఇవ్వాలి, ఎవరి చేతికి రావాలి, మధ్యలో గోపురం కట్టి పోసుకునేది ఎవరు?

వేపగింజ చాలా దూరమే పోయింది. నూనె తీశాక మిగిలిన చెక్క పొలానికి ఎరువు. నూనె సబ్బులకూ పురుగుమందులకూ పోతుంది. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు. అంటే ఈ రోజు మన పొలాల్లో పడే దాదాపు ప్రతి యూరియా బస్తాలోనూ ఎక్కడో ఒక ముసలమ్మ ఏరిన గింజ ఉంది. అంతకు ముందు, 1994లో, వేపనూనెతో బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతికి ఐరోపా పేటెంట్ ఆఫీసు అమెరికా వ్యవసాయ శాఖకూ డబ్ల్యు.ఆర్. గ్రేస్ అనే కంపెనీకీ కలిపి పేటెంట్ ఇచ్చింది. ఇది మాకు తరతరాలుగా తెలిసిందే అని మనవాళ్లు పోరాడితే 2000లో రద్దయింది. అప్పీలు కూడా 2005లో కొట్టేశారు. ఆ వార్త చదివిన రోజు నేను తరగతిలో పాఠం ఆపి పిల్లలకు చెప్పాను. మన ఊరి రోడ్డు పక్కన ఉన్న చెట్టు కోసం అంత దూరాన పదేళ్లు వాదన జరిగిందంటే వాళ్లు నమ్మలేదు. కేసు గెలిచాం, నిజమే. అయితే ఆ గెలుపుతో గింజ ఏరే మనిషి చేతికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ రాలేదు. ఆ మనిషికి ఏదైనా రావాలంటే వేరే చట్టం కావాలి.

ఆ చట్టం ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం. దాని వెనక ఉన్న ఆలోచన సులువైనదే. ఒక ఊరివాళ్లు ఒక మొక్కనో చెట్టునో పశువునో కాపాడుకుంటూ వచ్చారు, దాని గుణం వాళ్లకు తెలుసు. బయటి నుంచి ఒక కంపెనీ వచ్చి దాన్ని వాడుకుని వ్యాపారం చేస్తే, వచ్చిన దానిలో కొంత ఆ ఊరికి తిరిగి రావాలి. అది దానమూ కాదు, పథకమూ కాదు, వాటా. ఈ పని చూడటానికి చెన్నైలో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఉంది. రాష్ట్రాల్లో జీవవైవిధ్య మండళ్లు ఉన్నాయి. అన్నిటికన్నా కింద, పంచాయతీ, మండలం, మున్సిపాలిటీ స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు. 2004 నాటి నిబంధనల ప్రకారం ఒక అధ్యక్షుడు, ఆరుగురు సభ్యులు ఉండేవాళ్లు. ఆ సభ్యుల్లో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలనీ, ఎస్సీ ఎస్టీలు 18 శాతానికి తగ్గకూడదనీ వాటిలో రాశారు.

కాగితం మీద ఇంత బాగున్నది నేల మీద ఎప్పుడైనా జరిగిందా అంటే, జరిగింది. మన తెలుగు నేల మీదే, అదీ వేపాకుతోనే. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో అమరచింత అనే ఊరు ఉంది. అక్కడి నుంచి హైదరాబాద్ కంపెనీ ఒకటి 2,000 కిలోల ఎండు వేపాకు సేకరించి జపాన్‌కు పంపింది. చట్టం ప్రకారం వాటాగా 55,035 రూపాయలు కట్టింది. ఆ డబ్బు అమరచింత కమిటీకి చేరింది. వేపమొక్కలు నాటడానికీ, ఊళ్లో జీవవైవిధ్యం గురించి చెప్పడానికీ ఇచ్చారు. నేను కాగితం మీద భాగహారం వేసి చూశాను. కిలో ఆకుకు దాదాపు 27 రూపాయల 50 పైసలు. ఆకుకు ఇచ్చిన ధర కాదు ఇది, దాని పైన ఊరికి వచ్చిన వాటా. మా జేజి జీవితంలో గింజ ధర పైన ఊరికి వాటా అనే మాటే వినలేదు. ఆ అంకె చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అమరచింత గురించి ఒక మాట మాత్రం మనసులో మిగిలిపోయింది. డబ్బు కమిటీకి వచ్చింది, మొక్కలు నాటడానికి పోయింది. మంచిదే. ఆకు దూసిన చేతులకు కూలి పైన ఏదైనా దక్కి ఉంటే ఇంకా మంచిది. ఊరికి వాటా అన్నప్పుడు ఆ ఊళ్లో చెట్టు కిందికి నిజంగా వెళ్లే మనుషులెవరో కమిటీ గుర్తుపెట్టుకోవాలి. లేకపోతే వాటా మళ్లీ ఊరి పెద్ద గడప దగ్గరే ఆగుతుంది.

మా ప్రాంతంలో అడవికీ డబ్బుకూ ఉన్న సంబంధం చాలాకాలం తలకిందులుగా నడిచింది. మాకు ఉత్తరాన పల్నాడు. అక్కడ అడవిలో పశువులు మేపుకుంటే పుల్లరి కట్టాలని తెల్లదొరల ప్రభుత్వం పట్టుబట్టింది. కట్టమని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతును 1922లో కాల్చి చంపారు. గడ్డి తిన్న ఆవుకు పన్ను. అడవి అంచున బతికేవాళ్ల నుంచి డబ్బు పిండడమే అప్పటి మార్కెట్. అందుకే నల్లమల చుట్టుపక్కల ఊళ్లలో అడవి, డబ్బు అనే రెండు మాటలు కలిపి అంటే ముసలివాళ్ల మొహం మారిపోతుంది. ఆ అనుమానాన్ని నేను తప్పు పట్టను.

అంతకంటే పాతది ఇంకొక పద్ధతి ఉండేది. దాన్ని నేను మా పిల్లలకు ప్రతి ఏడూ చెప్పేదాన్ని. కంభం చెరువు మాకు కూతవేటు దూరం. గుండ్లకమ్మ నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి వచ్చి ఈ చెరువు నింపుతుంది. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించారు. మా మండలంలోని ఊళ్లకూ దీని నీళ్లు పారతాయి. ఇన్ని వందల ఏళ్లు కట్ట నిలబడిందంటే ఎవరో ఒకరు ఏడాదికేడాది మట్టి పోశారు, తూము చూసుకున్నారు. ఆ పని చేసేవాళ్లకు ఈ సీమలో దశబంధం అని మాన్యం ఉండేది. చెరువు తవ్వించి, మరమ్మతులు చూసుకునేవాళ్లకు పదో వంతు. నీళ్లు వాడుకున్నవాడు నీళ్లు నిలబెట్టినవాడికి ఇచ్చే భాగం. దశబంధం అనే మాట వినగానే మా తరగతిలో పిల్లలు పది అంటే పదేనా అని అడిగేవాళ్లు. పదో వంతే, నాయనా.

ఇప్పటి చట్టం ఎంత అడుగుతోందో చూద్దాం. 2025లో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం, ఏడాదికి 5 కోట్ల రూపాయల లోపు అమ్మకాలు ఉన్న వ్యాపారి ఏమీ ఇవ్వక్కర్లేదు. 5 నుంచి 50 కోట్ల దాకా అయితే నూటికి 20 పైసలు. 50 నుంచి 250 కోట్ల దాకా 40 పైసలు. అంతకు మించితే 60 పైసలు. పదో వంతు ఎక్కడ, వెయ్యిలో ఆరు ఎక్కడ! ఎర్రచందనం, శ్రీగంధం లాంటి ఖరీదైన వాటికి మాత్రం కనీసం నూటికి 5 రూపాయలు. చిన్న వ్యాపారిని వదిలేయడం నాకు సమ్మతమే, మా ఊరి వ్యాపారి మీద ఈ భారం పడితే అతను దాన్ని మళ్లీ మానిక మీద గోపురంలో రాబట్టుకుంటాడు. పెద్ద కంపెనీకి 60 పైసలు మాత్రం మరీ తక్కువని నా గట్టి అభిప్రాయం. ఇంకో సంగతీ చెప్పాలి. మామూలు వ్యాపార సరుకులుగా కేంద్రం ప్రకటించిన జాబితా ఒకటి ఉంది, దానిలో ఉన్నవాటిని సరుకుగా అమ్ముకుంటే వాటా అడగలేం. 2023 సవరణతో సాగు చేసిన ఔషధ మొక్కలకూ మినహాయింపులు వచ్చాయి. ఆ తలుపులోంచి అడవి మొక్క కూడా సాగు మొక్క పేరుతో బయటపడకుండా చూడాల్సింది ఊరి కమిటీలే.

మన కంపెనీ కట్టక్కర్లేదు, విదేశీ కంపెనీలే కట్టాలి అనే వాదన కూడా ఒకటి నడిచింది. బాబా రామ్‌దేవ్‌కు చెందిన దివ్య ఫార్మసీ ఈ వాదనతోనే ఉత్తరాఖండ్ హైకోర్టుకు వెళ్లింది. 2018 డిసెంబరులో కోర్టు ఒప్పుకోలేదు. మూలిక కొండ ప్రజలదైతే, కొన్న కంపెనీ ఏ దేశానిదైనా వాటా ఇవ్వాల్సిందే అని తేల్చింది.

వాటా అడగాలంటే మన దగ్గర ఏముందో ముందు రాసి ఉండాలి. దానికే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ అని పెట్టారు. చుట్టుపక్కల ఒక ఊళ్లో ఆ రిజిస్టరు తిరగరాయడానికి సాయం చేయమని నన్ను పిలిచారు. ఆ ఊరి పేరు రాయను. ముందు రాసిన పుస్తకం తెరిచి చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఎక్కడో కోస్తా ఊరి రిజిస్టరు చూసి దించినట్టున్నారు. కొబ్బరితోటలు ఉన్నాయి, ఉప్పుటేరు ఉంది. వాన చినుకు కోసం ఆకాశం చూసే మా ఎర్రనేలలో ఉప్పుటేరు! వేపచెట్టు పేజీ లేదు. రేపు ఒక కంపెనీ వచ్చి ఈ ఊరి వేప కొనుక్కుపోతే, ఈ ఊళ్లో వేపే లేదని మన పుస్తకమే సాక్ష్యం చెప్పేది.

మళ్లీ మొదలుపెట్టాం. ఇంటింటికీ తిరిగి ముసలమ్మలను కూర్చోబెట్టి అడిగాం. ఒకామె పొలం గట్ల మీద కానుగ చెట్లు ఎవరెవరి తాతలు పెట్టారో వరసగా చెప్పింది. ఇంకొకామె, ఇప్పుడు ఎవరూ వేయని జొన్న రకం గురించి చెబుతూ ఆగి, "ఆ గింజలు నా దగ్గరే ఉండాయి" అంటూ లోపలికి వెళ్లింది. ఉట్టి మీది సొరకాయ బుర్రలోంచి గుప్పెడు గింజలు తెచ్చి నా చేతిలో పోసింది. బూడిద కలిపి దాచింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ బుర్ర ఆమెతో పాటే పోతే ఆ జొన్న ఈ భూమ్మీద లేనట్టే. బ్యాంకులో పెట్టిన డబ్బుకు వడ్డీ వస్తుంది. అరవై ఏళ్లు విత్తనాన్ని కాపాడిన ఈమెకు ఎవరు ఏమిచ్చారు?

ప్రపంచం కూడా ఈ ప్రశ్న దగ్గరికి నెమ్మదిగా వస్తోంది. 2012 అక్టోబరులో జీవవైవిధ్యం మీద ప్రపంచ దేశాల 11వ మహాసభ హైదరాబాద్‌లోనే జరిగింది. గచ్చిబౌలి దగ్గర బయోడైవర్సిటీ జంక్షన్ అనే పేరు అలా మిగిలింది. పేద దేశాలకు ఇచ్చే సాయాన్ని 2015 నాటికి రెట్టింపు చేయాలని అక్కడే ఒప్పుకున్నారు. 2022లో మాంట్రియల్‌లో, అన్ని వైపుల నుంచీ కలిపి 2030 నాటికి ఏటా కనీసం 20,000 కోట్ల డాలర్లు సమకూర్చాలన్నారు. మొక్కల, సూక్ష్మజీవుల జన్యు సమాచారాన్ని కంప్యూటర్లలో పెట్టుకుని మందులూ సౌందర్య సాధనాలూ చేసే కంపెనీలు లాభంలో నూటికి ఒక రూపాయి, లేదా అమ్మకాల్లో వెయ్యికి ఒక రూపాయి వేయాల్సిన నిధి ఒకటి 2025లో మొదలైంది. కాలి నిధి అంటారు. దాంట్లో కనీసం సగం ఆదివాసులకూ స్థానిక ప్రజలకూ చేరాలి. వేయడం మాత్రం కంపెనీల ఇష్టానికే వదిలారు.

కర్బన క్రెడిట్ గురించి చాలామంది వినే ఉంటారు. చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. పొగ వదిలే కంపెనీ, ఆ చెట్టు పెంచినవాడికి డబ్బు ఇచ్చి, నా పొగలో ఇన్ని టన్నులు నువ్వు పీల్చావు అని లెక్క రాసుకుంటుంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ ఆడవాళ్లు 2003లోనే ఈ పని చేశారు. గోండు గూడెం, మహిళా సంఘాలు. మా గట్ల మీద ఉండే కానుగే వాళ్ల చెట్టు. కానుగ గింజల నూనెను డీజిలు బదులు వాడితే పదేళ్లలో 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందని లెక్క కట్టి, దానికి ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సమావేశం వల్ల పుట్టిన పొగకు బదులుగా కట్టిన డబ్బు అది. ఆనాటి లెక్కలో 30 వేల రూపాయలకు కాస్త తక్కువ. చిన్న మొత్తం. కానీ గూడెం ఆడవాళ్లు ప్రపంచ బ్యాంకుకు అప్పు కట్టడం కాకుండా, ప్రపంచ బ్యాంకుకే ఒక సరుకు అమ్మారు. ఇది బడి పుస్తకాల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

ఈ కర్బన బజారులో జాగ్రత్త కూడా అంతే కావాలి. కర్బనం లెక్కకు ఏ చెట్టయినా ఒకటే. మా జిల్లాలో కాగితం మిల్లుల కోసం జామాయిలు, సుబాబులు వేసిన చేలు మైళ్ల కొద్దీ కనిపిస్తాయి. జామాయిలు తోటలో పొద్దున్నే నిలబడి చెవి పెట్టి వినండి. ఆ తర్వాత వేప, కానుగ, చింత, రేగు కలిసిన గట్టు మీద నిలబడండి. పిట్టల గొంతులు ఎక్కడున్నాయో మీకే తెలుస్తుంది. టన్నుల్లో రెండూ సమానం కావచ్చు. పిట్టను లెక్క కట్టని క్రెడిట్ జీవవైవిధ్యాన్ని కాపాడుతుందంటే నేను ఒప్పుకోను. ఏజెంట్లు వచ్చి, ఇరవై ఏళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టండి, ఎకరాకు ఇంత వస్తుందంటే రైతులు అడగాల్సినవి ఉన్నాయి. మధ్యలో చెట్టు చస్తే నష్టం ఎవరిది? క్రెడిట్ ఎంతకు అమ్మారో ఆ బిల్లు నాకు చూపిస్తారా? ఒప్పందం తెలుగులో ఉందా? ఆ మూడింటికీ జవాబు రాకపోతే కలం కింద పెట్టాలి.

నా కళ్లతో చూసిన మంచి బజారు చెంచు గూడెంలో దొరికింది. అర్ధవీడు వైపు, నల్లమల అంచున. రాళ్ల వాలు మీద తబసి చెట్లు. దూరం నుంచి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా, బెరడు కాగితంలా పొరలు లేచి ఉంటుంది. దాని బంకకు పాశ్చాత్య దేశాల్లో మంచి గిరాకీ. కట్టుడు పళ్లు అతికించే పొడిలోనూ, తినుబండారాల్లోనూ వాడతారు. వెనకటికి గొడ్డలితో లోతుగా నరికేవాళ్లు. బంక బాగా కారేది, నాలుగైదేళ్లకు చెట్టు ఎండిపోయేది. ధర తక్కువ కాబట్టి ఎక్కువ తీయాలి, ఎక్కువ తీయాలంటే లోతుగా నరకాలి.

నన్ను తీసుకెళ్లిన పెద్దాయన గొడ్డలి తేలేదు. చిన్న ఉలి లాంటిది తెచ్చాడు. బెరడు పైపొరను అరచేతి వెడల్పున గీకి, లోపలి కర్రకు తగలకుండా ఆపాడు.

"ఇంతేనా, పెద్దయ్యా?" అన్నాను.

"ఇంతే, టీచరమ్మా. కర్ర తగిలితే చెట్టుకు పుండు. మానదు" అన్నాడు.

పక్క చెట్టుకు ముందే గీకిన చోట బంక ఉబ్బి ఉంది. వేలితో తాకితే ముదురు తేనెలా సాగింది. ఎండిన ముక్కలను ఒలిచి, బెరడు తునకలు లేకుండా చూసి బుట్టలో వేశాడు. ఇంటి దగ్గర ఆయన కోడలు గుడ్డ పరిచి వాటిని మూడు కుప్పలు చేస్తోంది. తెల్లగా మెరిసేవి ఒకటి, పసుపు తిరిగినవి ఒకటి, నల్లబడ్డవి ఒకటి. మూడింటికీ మూడు ధరలు. "నల్లయి పెద్దగా రావు. శుభ్రంగా తీస్తే తక్కువ తీసినా సరిపోతాది" అంది తలెత్తకుండా.

ఈ మార్పు దానంతట అది రాలేదు. విశాఖపట్నంలో 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. జీసీసీ అంటే మన్యంలో పిల్లలకు కూడా తెలుసు. బంక ఏరే గిరిజనుల కోసమే 1994లో కోవెల్ ఫౌండేషన్ పుట్టింది. చెట్టు చావకుండా బంక తీయడం, కింద మట్టి అంటకుండా ఆరబెట్టడం, రకాలు వేరు చేయడం గూడేలకు తిరిగి నేర్పారు. శుభ్రమైన బంకకు మంచి ధర వచ్చేసరికి లోతుగా నరకాల్సిన అవసరం పోయింది. జీవవైవిధ్యానికి పెట్టుబడి అంటే ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే, ఆ మూడు కుప్పలు చూపిస్తాను. ధర సరిగా ఉంది కాబట్టి చెట్టు బతికింది.

2022 పులుల గణనలో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులు ఉన్నాయని తేలింది. ఎక్కువ మన నల్లమల లోనివే. పులి పేరుతో అడవికి డబ్బు వస్తుంది, పర్యాటకులు వస్తారు. ఆ అడవిలో పులితో కలిసి బతికిన చెంచులకు దాంట్లో ఎంత చేరుతోంది అనేది ప్రతి బడ్జెట్‌లోనూ రాసి చూపించాల్సిన అంకె.

ఇక ఎర్రచందనం. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు, మన తూర్పు కనుమల దక్షిణ కొసనే పుట్టింది. గిద్దలూరు అడవుల్లోనూ ఉంది. ఆ పేరు వినగానే దొంగలు, లారీలు, కాల్పులు గుర్తొస్తాయి. పట్టుబడిన దుంగలను ప్రభుత్వం వేలం వేస్తుంది, కొన్నవాళ్ల నుంచి జీవవైవిధ్య వాటా వసూలు చేస్తారు. ఎర్రచందనం వాటా కింద వచ్చిన డబ్బు నుంచి 2025 నవంబరులో జాతీయ ప్రాధికార సంస్థ 3 కోట్ల రూపాయలు విడుదల చేసింది. 198 మంది ఎర్రచందనం రైతులకూ, ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ. చిత్తూరు, తిరుపతి, కడప, నెల్లూరు జిల్లాల్లో 48 ఊళ్లు. ఒక్కొక్కరికి 33 వేల నుంచి 22 లక్షల రూపాయల దాకా. అడవి చెట్టును సొంత చేలో పెంచిన మనిషికి, అమ్మిన ధర పైన వాటా. అంతకు ముందే అటవీ శాఖలకూ కోట్లలో ఇచ్చారు. ఈ వార్త చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ఇరవై ఏళ్లుగా పుస్తకంలో ఉన్న ఒక వాక్యం లేచి నడిచినట్టు అనిపించింది.

ఆ జాబితాలో మా జిల్లా లేదు. ఆ డబ్బు పొలం ఉండి చెట్టు పెంచినవాళ్లకు. పొలం లేక, అడవిలో చెట్టుకు కాపలాగా ఉన్నవాళ్ల వాటా ఎలా లెక్కించాలో ఇంకా తేలాలి. ఆ లెక్క తేలేదాకా మా రిజిస్టర్లలో ప్రతి పేజీ సరిగా ఉండాలి అని నేను పోయిన ప్రతి ఊళ్లోనూ చెబుతున్నాను.

మొన్నటి ఆషాఢానికి మా వీధిలో పదకొండు మంది ఆడవాళ్లం కలిసి వేపగింజలు పోగు చేశాం. విడివిడిగా మానికలతో పోకుండా ఒక్కచోట పోసి, నీడన ఆరబెట్టి, సొంతంగా కాటా కొనుక్కుని తూచాం. ముగ్గురు వ్యాపారులను ధర అడిగాం. ఎక్కువ చెప్పినవాడికి ఇచ్చాం. మార్కాపురం పలక ఒకటి మా ఇంట్లో పాతది ఉంది. చెక్క చట్రం ఊడిపోయినా రాయి గట్టిగానే ఉంది. దాన్ని వసారా గోడకు మేకు కొట్టి తగిలించాను. ఎవరెవరు ఎన్ని కిలోలు తెచ్చారో, ధర ఎంతో, ఎవరికి ఎంత వస్తుందో సుద్దముక్కతో రాశాను. వచ్చిన దాంట్లో పదో వంతు పక్కన పెట్టి, రోడ్డు వెడల్పులో పోయిన చెట్ల బదులు మొక్కలు పెడదామన్నాను. ఒక్కరు కూడా కాదనలేదు.

అందరిలోకి పెద్దామె, మా జేజి ఈడు దాకా బతికిన మనిషి, పలక దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమెకు చదువు రాదు. "నాది యాడుందో చూపియ్యమ్మా" అంది. చూపించాను. ఆ అంకె మీద వేలు పెట్టి, చెరిగిపోకుండా మెల్లగా తీసి, "ఇది ఈ పొద్దు తుడవమాక. రాత్రికి నా మనవరాలొస్తాది, చదివిపిచ్చుకుంటా" అంది.